ఒకే పాట, తలా ఒక జ్ఞాపకం: 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' అసలు ఎవరిది?

(వీడియోలో మాట్లాడిన మాటల్ని చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్ది పెట్టాం.)

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క పాట గురించి. పాట పేరు 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్'. బ్యాండ్ పేరు క్రీమ్. 1967లో రికార్డ్ చేశారు. బ్లూస్ రాక్ అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే ముందు వినిపించే పాటల్లో ఇదొకటి.

పేరు తెలియకపోయినా ట్యూన్ మీకు తెలిసే ఉంటుంది. గిటార్ షాపులోకి వెళ్తే, కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాళ్లు గిటార్ చేతిలోకి తీసుకోగానే వాయించే ట్యూన్లు కొన్ని ఉంటాయి కదా, వాటిలో ఇది గ్యారంటీగా ఉంటుంది. అరవై ఏళ్లకి దగ్గరపడుతోంది, ఇంకా వాయిస్తూనే ఉన్నారు.

అయితే నేను ఈ పాటని ఎంచుకున్నది పాత పాట, గొప్ప పాట అని పొగడటానికి కాదు. ఈ పాట గురించి ఎవరిని కదిపినా ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. విన్నవాళ్లే కాదు, ఆ రోజు స్టూడియోలో ఉన్నవాళ్లు కూడా. అందరూ నమ్మకంగానే చెప్తారు. అన్నీ ఒకేసారి నిజం అవ్వడానికి మాత్రం కుదరదు. ఆ తేడా వెనక ఒక మనిషి జీవితకాలపు బాధ, బోలెడంత డబ్బు ఉన్నాయి. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు పాట ఎలా పుట్టింది?

క్రీమ్ అనేది ముగ్గురి బ్యాండ్. 1966లో లండన్‌లో మొదలైంది. గిటార్ ఎరిక్ క్లాప్టన్, బేస్ గిటార్ జాక్ బ్రూస్, డ్రమ్స్ జింజర్ బేకర్. ముగ్గురూ అప్పటికే పేరున్నవాళ్లే. బ్రూస్, బేకర్ ఇద్దరికీ అంతకుముందు బ్యాండ్‌లోనే పడేది కాదు. అయినా మళ్లీ కలిశారు. ఒకరంటే ఒకరికి పడదు, కానీ ఒకరు లేకపోతే ఇంకొకరికి ఆ సౌండ్ రాదు. ఇలాంటి టీమ్స్ మీరూ చూసే ఉంటారు.

1967 జనవరి 29న లండన్ సావిల్ థియేటర్‌లో జిమీ హెండ్రిక్స్ కచేరీ. హెండ్రిక్స్ అమెరికా నుంచి వచ్చి అప్పటికి నాలుగు నెలలే అయింది, లండన్ గిటారిస్టులందరికీ నిద్ర లేకుండా చేస్తున్నాడు. బ్రూస్, క్లాప్టన్ ఆ షోకి వెళ్లారు. ఇంటికొచ్చాక ఆ ఊపులోనే బ్రూస్ ఈ రిఫ్ కట్టాడు. రిఫ్ అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న వాద్య పదం, మన భాషలో చెప్పాలంటే పాటకి పల్లవి లాంటిది.

బ్రూస్‌తో కలిసి పాటలు రాసేవాడు పీట్ బ్రౌన్. ఆయన కవి. ఇద్దరూ రాత్రంతా కూర్చున్నారు, ఏదీ కుదరలేదు. తెల్లారబోతోంది. బ్రౌన్ కిటికీలోంచి బయటికి చూశాడు, అక్కడ కనిపించిన తెల్లవారుజామునే పాటకి మొదటి మాటలుగా పెట్టేశాడు. తర్వాత క్లాప్టన్ ఇంకో భాగం కలిపాడు. టైటిల్ వచ్చేది ఆ భాగంలోనే. రికార్డు మీద పేర్లు ఈ ముగ్గురివే: బ్రూస్, బ్రౌన్, క్లాప్టన్. డ్రమ్మర్ పేరు లేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

రికార్డింగ్ 1967 మేలో, న్యూయార్క్ అట్లాంటిక్ స్టూడియోలో. వీసా అయిపోతోంది కాబట్టి ఆల్బమ్ మొత్తాన్ని వారం తిరక్కుండా ముగించేశారు. ఆల్బమ్ పేరు 'డిజ్రేలీ గేర్స్'. ఈ పేరు ఎలా వచ్చిందో తెలుసా? సైకిల్‌కి గేర్లు మార్చే మెకానిజాన్ని డిరైలర్ అంటారు. బ్యాండ్ సామాన్లు మోసే అసిస్టెంట్ నోరు తిరక్క 'డిజ్రేలీ గేర్స్' అన్నాడు. డిజ్రేలీ అంటే పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ ప్రధానమంత్రి. అందరూ పడీ పడీ నవ్వి దాన్నే పేరు పెట్టేశారు.

ఆల్బమ్ 1967 నవంబర్‌లో వచ్చింది. పాట వెంటనే పేలిపోలేదు. మెల్లగా పాకింది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 5వ స్థానం దాకా వెళ్లింది కానీ, అది 1968 వేసవిలో. ఈ డేట్లు కూడా గుర్తుంచుకోండి, కాసేపట్లో పని ఉంది.

ఆ పది స్వరాల్లో ఏముంది?

రిఫ్‌లో ఉన్నవి పదే స్వరాలు. కీ 'డి'. 'డి'ని మన షడ్జమం అనుకుంటే రిఫ్ ఇలా వస్తుంది: స స ని స, ప మ మ స గ స. మొదటి స పై స్థాయిది, చివరి స కింది స్థాయిది. అంటే రెండు బార్లలో ఒక మెట్టు మీంచి కింది మెట్టుకి దిగిపోతుంది. అందుకే వినగానే ఏదో బరువైనది మెట్ల మీంచి దొర్లినట్టు ఉంటుంది.

మధ్యలో మ రెండుసార్లు వచ్చింది చూశారా? రెండూ ఒకటి కాదు. మొదటిది ప్రతి మధ్యమం, రెండోది శుద్ధ మధ్యమం. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ చెవి నిక్కబొడుచుకుంటుంది. ఎందుకంటే మన 72 మేళకర్తల్లో ఏ రాగం తీసుకున్నా మధ్యమం ఒక్కటే ఉంటుంది. సగం రాగాలు శుద్ధ మధ్యమానివి, సగం ప్రతి మధ్యమానివి. ఇక్కడ మాత్రం పంచమం నుంచి రెండు మధ్యమాలనీ తాకుతూ జారిపోతాడు. ఆ ఎక్స్‌ట్రా స్వరాన్నే బ్లూ నోట్ అంటారు. అమెరికాలో నల్లజాతి వాళ్లు పాడుకున్న బ్లూస్‌కి గుండెకాయ అదే. అటూ ఇటూ కాని ఆ స్వరంలోనే బాధ, కవ్వింపు రెండూ ఉంటాయి.

పాట చట్రం కూడా బ్లూస్‌దే. మామూలు బ్లూస్‌లో 12 బార్లు ఉంటాయి: 4, 2, 2, 4. ఇక్కడ దాన్ని సరిగ్గా డబుల్ చేశారు: 8, 4, 4, 8, మొత్తం 24. పాత ఇంటి ప్లాన్ అలాగే ఉంచి గదులన్నీ రెట్టింపు సైజులో కట్టినట్టు.

ఇక క్లాప్టన్ గిటార్. గిటార్ మీద టోన్ నాబ్‌ని బాగా తగ్గించేసి, యాంప్లిఫయర్‌ని మాత్రం గట్టిగా పెడితే కీచుదనం పోయి గుండ్రంగా, మనిషి గొంతులా వస్తుంది. దీనికి 'ఉమన్ టోన్' అని పేరు. సోలో మొదట్లో 'బ్లూ మూన్' అనే 1930ల నాటి పాట ట్యూన్‌ని కాస్త తగిలించాడు. సన్‌షైన్ పాటలో మూన్. చిన్న చిలిపితనం అన్నమాట.

విన్నవాళ్లని అడిగితే

ఈ ఎపిసోడ్ కోసం నేను ముగ్గురితో కూర్చుని మాట్లాడాను. పేర్లు వద్దన్నారు, కాబట్టి చెప్పను.

మొదటివారు నా ఫ్రెండ్ వాళ్ల తాతయ్య. 1967 ఆగస్టులో ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లారు. ఇప్పుడు ఎనభై దాటాయి. వీడియో కాల్‌లో ఆ రిఫ్ వినిపించగానే కళ్లు మూసుకున్నారు. "నేను దిగిన మొదటి వారం బాబూ. ఎండ మండిపోతోంది. రూమ్‌లో నాకు మాట్లాడ్డానికి మనిషి లేడు. ఏం తినాలో తెలీదు. గోడకి అవతలి రూమ్‌లో ఎవడో ఈ రికార్డు తిప్పి తిప్పి పెట్టేవాడు. ఇది వింటే ఇప్పటికీ నాకు ఆ గదే కనిపిస్తుంది" అన్నారు.

ఆయన చెప్తుంటే నాకు లోపల లెక్క తిరుగుతోంది. ఆగస్టు 1967కి ఆ ఆల్బమ్ ఇంకా మార్కెట్‌లోకే రాలేదు కదా! మెల్లగా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి నవ్వారు. "అయితే మరుసటి ఎండాకాలం అయ్యుంటుందిలే. కానీ అప్పటికి నాకు నలుగురు స్నేహితులు ఉన్నారు, వంట కూడా వచ్చేసింది. మరి ఆ ఒంటరితనం పాటతో ఎందుకు గుర్తుంది?" అని నన్నే తిరిగి అడిగారు.

రెండో మనిషి మా పిన్ని కూతురు. వయసు 22. తనకి ఈ పాట తెలిసింది 1990లో వచ్చిన 'గుడ్‌ఫెల్లాస్' సినిమాతో. అందులో రాబర్ట్ డి నీరో బార్‌లో నిలబడి సిగరెట్ కాలుస్తుంటాడు. ఒక్క మాట ఉండదు. కెమెరా మెల్లగా మొహం మీదకి వస్తుంది, వెనక ఈ రిఫ్ మొదలవుతుంది. వీడు ఎవరినో చంపబోతున్నాడని మనకి అర్థమైపోతుంది. "అన్నయ్యా, ఇది లవ్ సాంగ్ అని నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు. నాకైతే ఇది భయం పుట్టించే పాట" అంది.

మూడోవాడు హైదరాబాద్‌లో వీకెండ్ బ్యాండ్‌లో వాయించే డ్రమ్మర్. వాడి మాట వేరు. "అందరూ రిఫ్, రిఫ్ అంటారు. కానీ మామూలు రాక్ బీట్ వేసి ఇదే రిఫ్ వాయించి చూడు. పాట చచ్చిపోతుంది. ఈ పాటని నిలబెట్టింది డ్రమ్స్" అన్నాడు. డ్రమ్మర్ కదా, అలాగే అంటాడు అనుకుని వదిలేయబోయాను. వాడు టేబుల్ మీద రెండు రకాలుగానూ కొట్టి చూపించాడు. నిజంగానే రెండు వేరు వేరు పాటల్లా ఉన్నాయి.

ఒంటరితనం, భయం, తాళం. ఒకే పాట, ముగ్గురికి మూడు.

ఇంతకీ ఆ బీట్ ఎవరిది?

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. రాక్ పాటల్లో సాధారణంగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే దెబ్బ రెండు మీద, నాలుగు మీద గట్టిగా పడుతుంది. మనం చప్పట్లు కొట్టేది అక్కడే. ఈ పాటలో జింజర్ బేకర్ దాన్ని తిరగేశాడు. బరువు ఒకటి మీద, మూడు మీద పడుతుంది. అది కూడా మెరిసే తాళాల మీద కాదు, లోతుగా మోగే టామ్ టామ్‌ల మీద. అందుకే పాటకి ఆ అడవి నడక వచ్చింది.

ఈ ఐడియా ఎవరిది? స్టూడియోలో ఆరోజు ఇంజినీర్ టామ్ డౌడ్. ఈయన గురించి ఒక ఎపిసోడే చెయ్యొచ్చు. కుర్రాడిగా ఉన్నప్పుడు కొలంబియా యూనివర్సిటీలో మన్‌హటన్ ప్రాజెక్ట్ పని చేశాడు, అంటే అణుబాంబు తయారీ పరిశోధన. తర్వాత సంగీతంలోకి వచ్చాడు. మిక్సింగ్ కన్సోల్ మీద గుండ్రంగా తిప్పే నాబ్‌ల బదులు పైకీ కిందకీ జరిపే ఫేడర్లు తెచ్చినవాడు. మీ ఫోన్‌లో వేలితో జరిపే వాల్యూమ్ స్లైడర్ ఉంది కదా, దానికి ఈయన వరసకి తాతయ్య అవుతాడు.

డౌడ్ మీద 2003లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆయనే ఈ కథ చెప్పాడు. పాట ఉంది కానీ నడక కుదరట్లేదట. అప్పుడు తను, వెస్టర్న్ సినిమాల్లో అమెరికన్ ఆదివాసులు వచ్చేటప్పుడు వినిపించే డప్పు ఉంటుంది కదా, అలా మొదటి దెబ్బ మీద బరువు పెట్టి వాయించి చూడమన్నాడట. బేకర్ వాయించాడు, అంతా ఒక్కసారిగా కుదిరిపోయిందట.

బేకర్ దీన్ని ఒప్పుకోలేదు. బీట్ తనదే అన్నాడు. పైగా, బ్రూస్ ఈ పాటని మొదట చాలా వేగంగా తెచ్చాడు, వేగం తగ్గించమన్నది కూడా తనే అన్నాడు. పేరు మాత్రం రికార్డు మీద రాలేదు. ఈ బాధ బేకర్ చనిపోయేదాకా, అంటే 2019 దాకా పోలేదు. ఇంటర్వ్యూల్లో మళ్లీ మళ్లీ ఇదే మాట ఎత్తేవాడు.

ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారని మనకి వెంటనే అనిపిస్తుంది. అవ్వాల్సిన పని లేదు.

లెక్క ఎప్పుడూ వందకి మించే వస్తుంది

1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక అధ్యయనం చేశారు. భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఫలానా పనిలో మీ వాటా ఎంత అని అడిగారు. ఇద్దరి సమాధానాలూ కలిపితే నూటికి నూరు రావాలి కదా? ఎక్కువ సందర్భాల్లో నూరు దాటింది. ఎవరూ కావాలని గొప్పలు చెప్పలేదు. మనం చేసిన పని మన కళ్లముందు జరుగుతుంది, కాబట్టి బాగా గుర్తుంటుంది. పక్కవాళ్లు చేసినది సగం మనం చూడనే చూడం. అంతే.

నా పాత ఉద్యోగంలో ఇది కళ్లారా చూశాను. పేరు అనవసరం, ఒక కంపెనీ. పేమెంట్ మధ్యలో తెగిపోతే డబ్బు రెండుసార్లు కట్ అయ్యే బగ్ ఒకటి నెలల తరబడి మమ్మల్ని చంపుకు తింది. చివరికి పరిష్కారం దొరికింది. అప్రైజల్ టైమ్‌లో ముగ్గురు, ఫారంలో ఆ పని మేమే చేశామని రాశారు. మేనేజర్ గిట్ హిస్టరీ తీశాడు. కమిట్ ఒకడి పేరు మీద ఉంది. హైక్ వాడికి వచ్చింది. కానీ ఆ ఐడియా టీ తాగుతూ చెప్పినవాడు వేరే. వాడు ఆ సంవత్సరమే మానేశాడు.

గిట్ అబద్ధం చెప్పలేదు. ఎవరు టైప్ చేశారన్నది చెప్పింది. ఎవరికి తట్టిందన్నది దానికి తెలియదు. పాట మీద ఉండే పేర్లు కూడా సరిగ్గా అలాంటివే. అవి కమిట్ హిస్టరీ, జరిగిన చరిత్ర మొత్తం కాదు.

మరి తాతయ్య జ్ఞాపకం సంగతేంటి? జ్ఞాపకం అంటే ఫోన్ గ్యాలరీలో వీడియో కాదు, ఓపెన్ చేస్తే అదే మళ్లీ ప్లే అవ్వడానికి. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని ముక్కల నుంచి మళ్లీ కడుతుంది. బ్రిటన్ సైకాలజిస్టు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ఈ సంగతి పుస్తకంగా రాశాడు. కట్టేటప్పుడు బలమైన ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తాతయ్య జీవితంలో బలమైన ముక్క ఆ మొదటి వారపు ఒంటరితనం. ఇంకో బలమైన ముక్క ఈ పాట. రెండూ పది నెలల తేడాతో జరిగినా యాభై ఏళ్ల తర్వాత ఒకే గదిలోకి చేరాయి.

ఇంకో విషయం. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగినవి మనుషులకి మిగతా వయసు కంటే బాగా గుర్తుంటాయి. దీన్ని సైకాలజీలో 'రెమినిసెన్స్ బంప్' అంటారు. మా రోజుల్లో పాటలే పాటలు అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు కదా, అది ఊరికే చాదస్తం కాదు. ఇప్పుడు మీ ప్లేలిస్టులో ఉన్న పాటలకి కూడా రేపు ఇదే జరగబోతోంది.

పేరు ఉంటే ఏమొస్తుంది?

పేరుదేముంది అనుకోకండి. పేరులోనే డబ్బు ఉంది. ఒక పాటలో చట్టం దృష్టిలో రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి రచన, అంటే ట్యూన్, మాటలు. రెండోది ఆ రోజు స్టూడియోలో చేసిన రికార్డింగ్. రికార్డింగ్ మీద వచ్చే ఆదాయంలో వాయించిన బ్యాండ్‌కి కాంట్రాక్టు ప్రకారం వాటా ఉంటుంది. కానీ రచన మీద హక్కు పేరున్నవాళ్లదే. డ్రమ్ బీట్‌ని ఆనవాయితీగా రచన కింద లెక్కెయ్యరు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, వేరేవాళ్లు పాడినప్పుడు. జాజ్ మహారాణి ఎల్లా ఫిట్జెరాల్డ్ ఈ పాట పాడింది, ఆ లైవ్ ఆల్బమ్‌కి ఈ పాట పేరే పెట్టారు, 1969లో వచ్చింది. అందులో క్రీమ్ వాళ్లెవరూ వాయించలేదు. అయినా పాట రాసినవాళ్లకి రాయల్టీ వెళ్తుంది. బేకర్‌కి రాదు. ఇలా అరవై ఏళ్లుగా ఎన్ని కవర్లో లెక్కేసుకోండి. ఆయన బాధ అర్థమవుతుంది.

అదే బ్యాండ్ కథలో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. క్రీమ్ మొదటి ఆల్బమ్‌లో 'ఐయామ్ సో గ్లాడ్' అనే పాట ఉంది. అది మిసిసిపీకి చెందిన నల్లజాతి బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ 1931లో రికార్డ్ చేసిన పాట. ఆ కాలంలో నల్లజాతి గాయకుల పాటల్ని తీసుకుని పేరు వెయ్యకుండా వదిలేసిన తెల్ల బ్యాండ్లు ఉన్నాయి. క్రీమ్ మాత్రం ఆయన పేరు వేసింది. దాంతో జబ్బుతో ఉన్న ముసలితనంలో ఆయనకి రాయల్టీ అందింది. 1969లో ఆయన చనిపోయాడు. ఒక్క లైన్ క్రెడిట్ ఒక పెద్దాయనకి చివరి రోజుల్లో ఆసరా అయింది. అదే బ్యాండ్‌లో ఇంకో మనిషికి అది లేకపోవడం జీవితాంతం పుండు అయింది.

మన దగ్గర కూడా ఇది దూరపు విషయం కాదు. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమా పాట రాసిన కవికి, ట్యూన్ కట్టిన సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా హక్కు వచ్చింది. నిర్మాతకి రాసిచ్చేసినా ఆ హక్కు పోదు. కానీ వెనక తబలా, డోలక్, డ్రమ్స్ వాయించినవాళ్ల సంగతి? సాధారణంగా కాల్షీట్ లెక్కన డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లిపోవడమే.

హెండ్రిక్స్ తిరిగిచ్చాడు

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. రిఫ్ పుట్టిందే హెండ్రిక్స్‌ని చూసి కదా. 1969 జనవరి 4న హెండ్రిక్స్ బీబీసీలో లులు అనే గాయని షోకి వచ్చాడు. లైవ్ ప్రోగ్రామ్. క్రీమ్ అప్పటికి ఆరు వారాల క్రితమే విడిపోయింది. హెండ్రిక్స్ తన హిట్ పాట 'హే జో' వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆపేశాడు. ఇది క్రీమ్‌కి అంకితం అని చెప్పి 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' అందుకున్నాడు. టైమ్ అయిపోతోందని తెలిసినా ఆపలేదు. వాయిస్తుండగానే ప్రోగ్రామ్ ముగిసిపోయింది.

ఆ రిఫ్ తనని చూసే పుట్టిందని హెండ్రిక్స్‌కి తెలియదని చెప్తారు. తెలియకుండానే తనకి రావాల్సిన ప్రేమని తనే వాళ్లకి తిరిగిచ్చాడు. 1970లో పోయాడు.

నచ్చనివాళ్ల మాట కూడా వినాలి

అందరికీ ఈ పాట నచ్చదు. గిటార్ షాపులో రోజుకి ఇరవైసార్లు ఇదే వినేవాడిని అడగండి, చేతులెత్తి దండం పెడతాడు. మాటల్లో పెద్ద విషయం లేదని, సోలో కంటే రిఫే బాగుందని అనేవాళ్లు ఉన్నారు. వెస్టర్న్ సినిమాల డప్పు అనేది ఆదివాసుల సంగీతం కాదు, హాలీవుడ్ వాళ్లు ఊహించుకున్న సంగీతం అనే విమర్శ కూడా సబబే. అట్లాంటిక్ కంపెనీ పెద్దలకి కూడా ఈ పాట మొదట ఎక్కలేదు. సోల్ సంగీతంలో పెద్ద పేరున్న బుకర్ టి జోన్స్ బాగుందన్నాక వాళ్లు మెత్తబడ్డారని బ్రూస్ చెప్పేవాడు.

నా అభిప్రాయం అడిగితే, ఈ పాట ఒక్కరిది కాదు. బ్రూస్ స్వరాలు, బ్రౌన్ తెల్లవారుజాము, క్లాప్టన్ టోన్, బేకర్ దెబ్బ, డౌడ్ చెవి. ఇందులో ఏది తీసేసినా గిటార్ షాపులో ఇవాళ ఎవడూ దీన్ని వాయించడు. బీట్ ఐడియా డౌడ్‌దే అనుకున్నా, మాట చెప్పడం వేరు, దాన్ని అలా వాయించడం వేరు. బేకర్ పేరు అక్కడ ఉండాల్సింది. చట్టం లెక్కలో కుదరకపోయినా, ముగ్గురూ కూర్చుని పంచుకునే దారి వాళ్ల చేతుల్లోనే ఉంది. తమ పాటలన్నిటి మీదా సభ్యులందరి పేర్లూ సమానంగా వేసుకున్న బ్యాండ్లు ఉన్నాయి. మీరు కాలేజీలో బ్యాండ్ పెట్టినా, స్టార్టప్ పెట్టినా, షార్ట్ ఫిల్మ్ తీసినా, పని మొదలవ్వకముందే ఈ మాట మాట్లాడుకోండి. హిట్టయ్యాక మాట్లాడితే అందరి జ్ఞాపకాలూ కలిపి వందకి మించిపోతాయి.

ఎలా వినాలి?

ఫోన్ స్పీకర్‌లో వినకండి ప్లీజ్. అంత చిన్న స్పీకర్ లోతైన శబ్దాల్ని బయటికి తేలేదు. అంటే బ్రూస్ బేస్, బేకర్ టామ్ టామ్‌లు సగం మాయమైపోతాయి. మిగిలేది క్లాప్టన్ ఒక్కడే. పాపం బేకర్‌కి అక్కడ కూడా అన్యాయమే.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి రిఫ్ కోసం. రెండోసారి గిటార్‌ని పట్టించుకోకుండా ఒకటి, మూడు లెక్కపెడుతూ డ్రమ్స్ మాత్రమే. మూడోసారి గొంతులు వినండి, బ్రూస్, క్లాప్టన్ వంతులేసుకుని పాడతారు. 2005లో ఈ ముగ్గురూ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో మళ్లీ కలిసి వాయించారు, అప్పుడూ ఈ పాట ఉంది. అది కూడా చూడండి. ముసలివాళ్లయ్యారు, పాట మాత్రం కాలేదు. బ్రూస్ 2014లో, బ్రౌన్ 2023లో పోయారు. రికార్డు మీద పేరున్న ముగ్గురిలో ఇప్పుడు ఉన్నది క్లాప్టన్ ఒక్కడే.

చివరగా ఒక చిన్న పని. మీ ఇంట్లో అమ్మమ్మనో, తాతయ్యనో, మేనమామనో ఒక పాట గురించి అడగండి. ఎప్పుడు విన్నారు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు అని. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, వాళ్లకి చెప్పి మరీ రికార్డ్ చేయండి. తర్వాత డేట్లు మీరు చెక్ చేసుకోవచ్చు, తప్పులు దొరుకుతాయి కూడా. కానీ తేదీ తప్పు అయినంత మాత్రాన ఆ గదిలో వాళ్లు పడిన బాధో, సంతోషమో తప్పు అయిపోదు. ఆ రెండిటినీ వేరు వేరుగా రాసి పెట్టుకోండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. ఇంకో పాటతో మళ్లీ కలుద్దాం. అంతవరకు ఉంటాను మరి, బై.